సూళ్లూరుపేటలో కూర్చుని చూసిన మలేషియా కొండ

మా మనవడు మస్తాను సైకిలు తొక్కి బతుకుతున్నాడు. మా పాళెంలో కొందరు ఈ మాట ఇప్పటికీ నమ్మరు. విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టే ఊరు. వాడు మీసాలు రాకముందు నుంచే తెల్లవారుజామున సైకిలు వెనక చేపల బుట్ట కట్టుకుని, ఐసు కరిగేలోగా విడవలూరులో చేపలమ్మే వాళ్ళమ్మకు చేర్చేవాడు. ఎదురుగాలి ఉన్నా ఆగేవాడు కాదు. ఆగితే చేప మెత్తబడుతుంది. అట్లా తొక్కి తొక్కి నెల్లూరులో పోటీలకు పోయాడు, తర్వాత బెంగుళూరు పోయాడు, ఇప్పుడు జీతమిచ్చే జట్టులో ఉన్నాడు. వాడి పని గెలవడం కాదు. ఆ జట్టులో మతేయో అని దక్షిణ అమెరికా కుర్రవాడు ఉన్నాడు. కొండలు ఎక్కడంలో అతను మొనగాడు. అతనికి నీళ్ళ సీసాలు అందించడం, గాలి తగలకుండా అతని ముందు తొక్కడం, కొండ మొదలయ్యేదాకా అతన్ని అలసట లేకుండా తీసుకుపోవడం మావాడి పని.

పోయిన నెల వాళ్ళు మలేషియాలో ఎనిమిది రోజుల రేసుకు పోయారు. ఐదో రోజు పెద్ద కొండ. ముందురోజు సాయంత్రం మస్తాను ఫోను చేశాడు. గొంతు వినగానే బాగాలేదని తెలిసింది. "మూడు రోజుల్నించి కడుపులో బాగలేదు తాతా. తిన్నది నిలవడంలా. రేపు గడువు లోపల పైకి రాకపోతే ఇంటికి పంపించేస్తారు" అన్నాడు. గడువేందిరా అని అడిగాను. "గెలిచినోడు వచ్చినాక కొంతసేపటికి గేటు మూసేస్తారు తాతా. ఈ రేసు పూర్తి చేస్తేనే వచ్చే ఏడాదికి సంతకం పెట్టించుకుంటామని చెప్పినారు" అన్నాడు. మా పాళెంలో ఫోనులో బొమ్మ ఒకచోట నిలవదు. సూళ్లూరుపేటలో సైకిళ్ళు తొక్కేవాళ్ళు కొందరు ఒక హోటలు మేడ మీద పెద్ద టీవీలో రేసులు చూస్తారని, ఎవరైనా పోవచ్చని వాడే చెప్పాడు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు కావేరమ్మ, గడప మీద కూర్చుని అంతా విన్నది. "నేను చూడలేను నాయనా. నువ్వు పొయ్యి చూసిరా. వచ్చినాడో లేదో ఒక్క మాట చెప్పు చాలు" అన్నది.

నేను మాటకారిని కాను. తెలియని మనుషుల మధ్యకు పోవాలంటే ఈ వయసులో కూడా జంకు. అయినా పొద్దున నాలుగున్నరకే లేచాను. విడవలూరులో ఐదుంపావు బస్సు ఎక్కితే ఆరుంపావుకల్లా నెల్లూరులో దిగవచ్చు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ "ఇంత పొద్దున్నే యాడికి తాతా, ఆసుపత్రికా?" అన్నాడు. సూళ్లూరుపేటకు, సైకిలు పందేనికి అన్నాను. "నువ్వు తొక్కతావా?" అన్నాడు. ముందు సీటులోని ఆడవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తల వంచుకుని చిల్లర జేబులో వేసుకున్నాను.

నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు రైలులో పోతే ఖర్చు తక్కువ, కూర్చోవడానికి కూడా సుఖం. కానీ రైలు గూడూరు దగ్గర వేరే బండికి దారి ఇవ్వడానికి ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో తెలియదు. నాకు ఆ ధైర్యం లేకపోయింది. ఆరూముప్పావు బస్సు ఎక్కాను. రెండు గంటల ప్రయాణం, టిక్కెట్టు నూటయాభై లోపే. మీకు తొందర లేకపోతే రైలే ఎక్కండి. గూడూరు దాటినప్పటి నుంచి కిటికీలోంచి చెట్ల ఆకులే చూస్తూ కూర్చున్నాను. గాలి ఎటు నుంచి వీస్తుందో చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ రోజు తూర్పు గాలి, గట్టిగానే ఉంది. ఇక్కడి గాలికి అక్కడి కొండకు సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా నాయుడుపేట వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.

హోటలు బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరమే. కింద టిఫిన్లు, పైన హాలు. హోటలాయన పేరు సెల్వం. పుట్టింది అరవదేశంలో, పెరిగింది ఇక్కడే. నెయ్యి వేసిన కారం దోసె చాలా బాగుంటుందని అందరూ అన్నారు. నేనూ తెప్పించుకున్నాను గాని సగం పైన వదిలేశాను. పైన పాతికమంది దాకా ఉన్నారు. కొందరు పొద్దున్నే పులికాట్ చెరువు రోడ్డు మీద తొక్కి వచ్చి ఆ చెమట బట్టలతోనే కూర్చున్నారు. నేను వెనక గోడ పక్కన కుర్చీ చూసుకున్నాను.

వాళ్ళకు ఒక అలవాటు ఉంది. రేసుకు ముందు ఆటగాళ్ళ పేర్లు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేస్తారు. తలా ఒకటి తీయాలి. గెలిచినవాడి చీటీ ఎవరికి వస్తే వాళ్ళకు దోసె ఉచితం. అందరికన్నా చివర వచ్చినవాడి చీటీ ఎవరికి పడితే వాళ్ళు హాలులో అందరికీ టీలు ఇప్పించాలి. పొడుగ్గా, సన్నగా ఉన్న ప్రసాద్ అనే రైల్వే ఉద్యోగి గ్లాసు పట్టుకుని నా దగ్గరకు కూడా వచ్చాడు. వద్దన్నాను. "కూర్చున్నోళ్ళంతా తియ్యాల్సిందే పెద్దాయనా" అన్నాడు. తీశాను. విప్పి చూసి అతనే కేక పెట్టాడు. "మతేయో! తాతకు మతేయో తగిలినాడు!" అందరూ వెనక్కి తిరిగి చూశారు. చీటీ మడిచి జేబులో వేసుకున్నాను. అంతలో సెల్వం తన చీటీ విప్పి నెత్తి కొట్టుకున్నాడు. "ఐయయ్యో, నాకు మనోడు పడినాడబ్బా. నెల్లూరు మస్తాను. టీలు నావే ఇంక, పాలు ఎక్కువ తెప్పించండి" అన్నాడు. హాలంతా నవ్వింది.

వాళ్ళకు మస్తాను పేరు తెలుసు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. నేను వాడి తాతనని చెప్పడానికి అదే సమయం. నోరు పెగల్లేదు. నవ్వు అయిపోయాక చెప్పడం ఇంకా కష్టమైంది.

మన టైము ప్రకారం తొమ్మిదింటికి రేసు మొదలైంది. మొదటి రెండున్నర గంటలు చదును రోడ్డు, పక్కన ఆయిలుపాం తోటలు. మస్తాను ఎప్పుడు చూసినా గుంపు ముందరే ఉన్నాడు. వాడు తొక్కేటప్పుడు కుడి భుజం కొంచెం కిందికి వాలుతుంది. బుట్ట బరువు ఒకవైపు లాగకుండా అట్లా అలవాటు చేసుకున్నాడు. హెల్మెట్లు పెట్టుకుంటే అందరూ ఒకేరకంగా ఉన్నారు గాని, ఆ భుజం చూసి నేను పట్టుకోగలిగాను. ఒకసారి వాడు వెనక కారు దగ్గరకు పోయి చొక్కా నిండా నీళ్ళ సీసాలు కుక్కుకుని మళ్ళీ ముందుకు వచ్చాడు. "ఏడు సీసాలు! వీడికి నా హోటల్లో ఉద్యోగం ఇస్తా" అన్నాడు సెల్వం. ప్రసాద్‌కు నచ్చలేదు. "నువ్వు ఊరికే ఉండన్నా. గంట నుంచి ఒక్కడే గాలిని కోస్తా ఉండాడు. వాడు లేకపోతే మతేయో కొండ కాడికి వచ్చేలోపలే అలిసిపోయి ఉండేవాడు" అన్నాడు.

నా పక్కన సునీత అని ఒక నర్సమ్మ కూర్చుంది. ముప్పైఐదేళ్ళు ఉంటాయి. నోటు పుస్తకంలో ఏవో లెక్కలు రాసుకుంటోంది. చాలాసేపు తటపటాయించి, గడువంటే ఏంది తల్లీ అని అడిగాను. ఓపికగా చెప్పింది. "గెలిచినోడు వంద నిమిషాల్లో వస్తే మిగతావాళ్ళు నూట పన్నెండు నిమిషాల్లోపల వచ్చెయ్యాల తాతా. గెలిచినోడు తొందరగా వస్తే గేటు కూడా తొందరగా మూస్తారు." గెలిచినవాడు నిదానంగా వస్తే? "అప్పుడు వెనకోళ్ళకి ఊపిరి దొరుకుతుంది" అన్నది.

అప్పటికి గాని నాకు సంగతి అర్థం కాలేదు. మావాడు పొద్దుటి నుంచి నీళ్ళు మోసి, గాలి కోసి, మతేయో కాళ్ళు కాపాడాడు. ఆ కాళ్ళు ఎంత తొందరగా పైకి పోతే మావాడి గేటు అంత తొందరగా మూసుకుంటుంది. మతేయో చీటీ నా చొక్కా జేబులోనే ఉంది.

పదకొండున్నర ప్రాంతంలో కొండ మొదలైంది. ఇరవై కిలోమీటర్లు ఎక్కుడే. మస్తాను చివరిసారి ముందు తొక్కి, మతేయో చేతికి ఒక సీసా ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. అంతే, గుంపు వాడిని దాటిపోయింది. నీళ్ళలోంచి తీసిన చేపలాగా నోరు తెరుచుకుని ఉన్నాడు. కెమెరా ముందుకు పోయింది. వాడు బొమ్మలోంచి తప్పిపోయాడు.

తర్వాత పాతికమందిదీ కొండ గురించే వాదులాట. గుంపులోంచి ఇంత తొందరగా ముందుకు దూకకూడదని ఒకరు, ఇక్కడే దూకాలని ఒకరు. ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉండగా మతేయో సీటు మీద నుంచి లేచి ఒక్కసారిగా ముందుకు పోయాడు. హాలంతా లేచి నిలబడింది. "పోతా ఉండాడు! పోతా ఉండాడు!" అని ప్రసాద్ కుర్చీ ఎక్కాడు. "తాతా, నీ చీటీకి రెక్కలొచ్చినాయి. లేచి చప్పట్లన్నా కొట్టు" అన్నాడు. లేచాను. చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం, కొంచెం ఆగు నాయనా, ఒక్క రెండు నిమిషాలు ఆగు అనుకుంటున్నాను. మా పిల్లవాడి చేతి నీళ్ళు తాగిన మనిషి అలసిపోవాలని కోరుకున్నాను. అది తప్పని తెలుసు. కోరుకోకుండా ఉండటం నా చేత కాలేదు.

ఒక్కసారి కెమెరా వెనక్కి పోయింది. రోడ్డు మీద ఒక్కడే ఉన్నాడు. ముందు చక్రం ఇటూ అటూ ఊగుతోంది. వెనకాలే ఒక వ్యాను. మానుకున్నవాళ్ళను ఎక్కించుకుపోయే ఆ వ్యానును వీళ్ళు చీపురు బండి అంటారు. తెర మీద పద్నాలుగు నిమిషాల వెనక అని పడింది. కుడి భుజం కిందికి వాలి ఉంది.

"అదిగో నా మస్తాను. చీపురు బండి డ్రైవరుకు నిద్రొస్తా ఉంది పాపం" అన్నాడు సెల్వం. ఇంకెవరో "బండెక్కరా సామీ, నెల్లూరు పరువు తియ్యబాకు" అన్నారు. మళ్ళీ నవ్వులు. ప్రసాద్ ఒక్కడే నవ్వలేదు. "పొద్దన్నించి మీరెవరన్నా ఒక్క సీసా మోసినారా?" అన్నాడు. నేను గోడకు వేలాడదీసిన గడియారం చూస్తూ కూర్చున్నాను. బండి ఎక్కవద్దురా అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

సరిగ్గా పన్నెండూ నలభైకి మతేయో గెలిచాడు. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. అనుకున్నదానికంటే ఐదు నిమిషాలు ముందు. ఈలలు, కేకలు. నాకు ఇంకో దోసె తెచ్చి పెట్టారు. సునీతమ్మ పుస్తకంలో లెక్క వేసి, గేటు మూయడానికి ఇరవైఆరు నిమిషాల ఇరవైనాలుగు సెకన్లు అని తనలో తాను అనుకుంది. పది పదిహేనుమంది ఆటగాళ్ళు వచ్చేదాకా చూపించి, మతేయో మెడలో దండ వేసి, పన్నెండూ యాభైఐదుకు టీవీలో రేసు ఆపేశారు. షాంపూ ప్రకటన వచ్చింది. అందరూ లేచారు. చెప్పులు వెతుక్కుంటున్నారు. సెల్వం కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తూ నా దగ్గరకు వచ్చాడు.

"అయిపోయింది తాతా. దోసె తినలేదే?"

"అయిపోలేదు నాయనా. చివరి పడవ ఇంకా రాలేదు" అన్నాను.

ఎట్లా అన్నానో తెలియదు. ఆ మాట తప్ప వేరే మాట నా దగ్గర లేదు. సెల్వంకు అర్థం కాలేదు. "ఏ పడవ తాతా?" అన్నాడు. చెప్పాల్సి వచ్చింది. మా పాళెంలో గాలి రోజున ముందు వచ్చిన పడవవాళ్ళు చేపలు దించుకుని ఇంటికి పోరు. చివరి పడవ ఒడ్డు పట్టేదాకా అందరూ ఇసుకలోనే కూర్చుంటారు. అది ఎవరి పడవైనా సరే. ఆ సంగతి చెప్పి, "మస్తాను నా మనవడు" అన్నాను.

సెల్వం చేతిలో మడిచిన కుర్చీ అట్లాగే ఉంది. కాసేపటికి దాన్ని మళ్ళీ విప్పి, నాకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. "ముందే చెప్పకూడదా తాతా" అన్నాడు మెల్లగా. "నోటికి తాళం వేసుకుని ఉందును గదా." మెట్లు దిగినవాళ్ళలో నలుగురైదుగురు వెనక్కి ఎక్కి వచ్చారు. ఎవరో టీవీ శబ్దం తగ్గించారు. చూడటానికి ఏమీ లేదు. అందరం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం.

ఒంటిగంట దాటింది. ఒకటీ ఆరు అయింది. ఏడు అయింది. అంటే అక్కడ గేటు మూసేశారు. వాడు లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా తెలియదు. సముద్రం మీద అయితే తెరచాప అన్నా కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు. సునీతమ్మ ఫోనులో ఫలితాల పేజీని మాటిమాటికీ తెరుస్తోంది. మొదటి ముప్పైమంది పేర్లే ఉన్నాయి. కావేరమ్మ రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి?

ఒకటీ నలభైకి పూర్తి జాబితా వచ్చింది. "ముందు కింద నుంచి చూస్తా తాతా. గడువు దాటినోళ్ళ పేర్లు కింద వేరేగా ఉంటాయి" అన్నది. నలుగురు ఉన్నారు. ఒక్కొక్క పేరే నోరు తిరగక కూడబలుక్కుంటూ చదివింది. మొదటి పేరు కాదు. రెండోది కాదు. మూడో పేరు మకారంతో మొదలైంది. వాడెవరో మలేషియావాడు. నాలుగోదీ కాదు. అప్పుడు వేలు ఒక గీత పైకి జరిపింది. తర్వాత అన్నది, "ఉండాడు తాతా. లోపలే ఉండాడు. పంతొమ్మిది సెకన్లు మిగిలినాయి."

"లోపలికి వచ్చినోళ్ళలో చివర ఎవరు?" అని ప్రసాద్ అడిగాడు.

"మనోడే."

సెల్వం లేచి మెట్ల దగ్గరకు పోయి కిందికి కేక వేశాడు. "టీలు పెట్టండిరా! చివరోడు మనోడే! అందరికీ పెట్టండి, కింద టిఫిను తినేవాళ్ళకు కూడా పెట్టండి!" మతేయో గెలిచినప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు.

కావేరమ్మకు ఫోను చేశాను. "వచ్చినాడా?" అన్నది. "వచ్చినాడు" అన్నాను. అవతల ఏడుపు వినిపించింది, పెట్టేసింది. రెండింటికి మస్తాను ఫోను వచ్చింది. మాట సన్నగా ఉంది. "తాతా, మతేయో గెలిచినాడు, చూసినావా? ఎట్లా ఎక్కినాడు చూసినావా?" అదే వాడి మొదటి మాట. చూశానన్నాను. నేను లోపల ఏం కోరుకున్నానో వాడికి చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది. "ఏమన్నా తిన్నావా?" అన్నాను. "గంజి తాగినా. ఎల్లుండి ఇంకో కొండ ఉండాది తాతా" అన్నాడు. వచ్చేటప్పుడు సెల్వంను అడిగాను, ఎల్లుండి తలుపు ఎన్నింటికి తీస్తారని. "నువ్వు వచ్చే టైముకు తీస్తా. వెనక కుర్చీ కాదు, ముందు కుర్చీ" అన్నాడు. మతేయో చీటీ ఇంకా నా జేబులోనే ఉంది. ఇంటికి వచ్చాక కావేరమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది.

ఇది రాయమన్నది సునీతమ్మ. రేసు చూడటానికి వచ్చేవాళ్ళకు పనికొస్తుందన్నది. నేను పులికాట్ పక్షులను చూడలేదు. స్టేషను నుంచి చెరువు దగ్గరకు ఆటోలు పోతాయని మాత్రం తెలుసు. ఊరు కూడా సరిగా చూడలేదు. నేను చూసింది ఒక కొండ, అదీ టీవీ అద్దం వెనక. ఇంతకాలం మనవడు పరాయి మనుషుల మధ్య ఒక్కడే తొక్కుతున్నాడని దిగులుపడేవాడిని. వాడికోసం ఒకచోట కూర్చుని చూసేవాళ్ళు ఉన్నారని, ఎగతాళి చేసిన నోటితోనే వాడికోసం కేకలు వేస్తారని ఆ రోజు తెలిసింది. నా భయం పోలేదు. భయపడేటప్పుడు పక్కన ఇంకో నలుగురు ఉన్నారు, అంతే తేడా. మీరు వచ్చేటట్టయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గెలిచినవాడు వచ్చే టైము చూసుకుని తిరుగు బస్సుకు టిక్కెట్టు తీయబాకండి. పూర్తి జాబితా రావడానికి ఇంకో గంట పడుతుంది. సూళ్లూరుపేట నుంచి నెల్లూరుకు సాయంత్రం దాకా బస్సులు ఉన్నాయి. చివరివాడు వచ్చేదాకా కూర్చుని లేవండి.